ఖాళీ టేబుళ్ల మీద పచ్చజెండా

2022 ఏప్రిల్ 3 రాత్రి వరకూ ఆత్రేయపురం తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. తెల్లారేసరికి కోనసీమ జిల్లాలో ఉంది. లొల్ల లాకులు ఉన్నచోటే ఉన్నాయి, పూతరేకుల పొయ్యిలు ఉన్నచోటే ఉన్నాయి, 533తో మొదలయ్యే పిన్‌కోడ్ కూడా మారలేదు. మారింది కాగితాల మీది జిల్లా ఒక్కటే. 13 జిల్లాల రాష్ట్రం ఆ రోజున 26 జిల్లాలయింది. చిరునామాలను జిల్లావారీగా దాచుకునే వెబ్ అప్లికేషన్లకు మాత్రం ఆ ఉదయం పని పడింది. జిల్లాల జాబితా పెరగాలి, మండలాలకు కొత్త జిల్లాలు తగిలించాలి, పాత రికార్డులను ఏం చేయాలో తేల్చుకోవాలి.

ఇలాంటి మార్పును వెబ్ ప్రోగ్రామర్లు మైగ్రేషన్ అనే చిన్న ఫైలుగా రాస్తారు. కొత్త టేబుల్ కావాలంటే ఒకటి, ఓ కాలమ్ తీసేయాలంటే ఇంకొకటి. ప్రతిదానికీ ఒక నంబరో తేదీనో ఉంటుంది. అన్నీ కోడ్‌తో పాటే ఉంటాయి, ఒకదాని తర్వాత ఒకటి వరసగా నడుస్తాయి. నాలుగైదేళ్లు బతికిన అప్లికేషన్‌లో ఇవి వందల్లోకి చేరడం మామూలే. టెస్టులు నడపడానికి ప్రతిసారీ ఒక కొత్త డేటాబేస్ కావాలి కదా, దాన్ని మొదటి మైగ్రేషన్ నుంచి చివరిదాకా నడిపి కట్టాలా, లేక దగ్గరి దారిలో కట్టేయవచ్చా? చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ ఇరవై ఏళ్లుగా ఫ్రేమ్‌వర్కులు దీనికి తలోరకం జవాబు చెబుతున్నాయి. ఒకే ఫ్రేమ్‌వర్క్ కూడా కాలాన్నిబట్టి మాట మార్చింది.

ఈ సమీక్షకు ఊహించుకున్న యాప్ ఒకటి తోడు తెచ్చుకుందాం: ఆత్రేయపురం పూతరేకులకు ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకునేది. అందులో జిల్లాలు, మండలాలు, ఆర్డర్లు అని మూడు టేబుళ్లు.

వరస నంబర్ల కాలం

డేటాబేస్ నిర్మాణాన్ని మొదట్లోనే గీసి బిగించేయకుండా, కోడ్ లాగే కొంచెం కొంచెంగా మార్చుకుంటూ పోవచ్చన్న ఆలోచనకు ఒక రూపం ఇచ్చినవాళ్లలో ప్రమోద్ సదలగే, మార్టిన్ ఫౌలర్ ముఖ్యులు. వాళ్ల వ్యాసం 2003లో వచ్చింది. 2006లో స్కాట్ ఆంబ్లర్‌తో కలిసి సదలగే రాసిన 'రీఫ్యాక్టరింగ్ డేటాబేసెస్' ఆ పద్ధతులను పుస్తకంగా కూర్చింది. అప్పటిదాకా ఆ మార్పులు డేటాబేస్ నిర్వాహకుడి (డీబీఏ) బల్ల మీది పని. ప్రోగ్రామర్ అడగాలి, డీబీఏ స్క్రిప్టు రాయాలి, టెస్ట్ సర్వర్‌లో ఎవరో గుర్తుపెట్టుకుని నడపాలి.

రూబీ ఆన్ రైల్స్ దీన్ని మామూలు ప్రోగ్రామర్ చేతికి ఇచ్చింది. 2005 డిసెంబరులో రైల్స్ 1.0 వచ్చేనాటికే మైగ్రేషన్లు అందులో ఉన్నాయి. అప్పట్లో వాటికి 001, 002 అని వరస నంబర్లు. ఇద్దరు ఒకే రోజు చెరో 017 రాస్తే గొడవే. 2008లో రైల్స్ 2.1 నంబర్లు మానేసి తేదీ, సమయం వేయడం మొదలుపెట్టింది. జావా వైపు లిక్విబేస్ 2006లో, ఫ్లైవే 2010లో వచ్చాయి. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోకు మొదట్లో సొంతంగా మైగ్రేషన్లే లేవు. ఆండ్రూ గాడ్విన్ 2008లో రాసిన సౌత్ అనే తోడు లైబ్రరీ ఆ లోటు తీర్చింది. 2014 సెప్టెంబరులో జాంగో 1.7తో మైగ్రేషన్లు ఫ్రేమ్‌వర్క్‌లోకే వచ్చేశాయి.

మన ప్రశ్న సౌత్ రోజుల్లోనే మొలకెత్తింది. టెస్టులప్పుడు మైగ్రేషన్లు నడపాలా, కోడ్‌లో టేబుళ్ల రూపాన్ని చెప్పే మోడళ్లనుంచి నేరుగా టేబుళ్లు కట్టాలా అని ఎంచుకునే సెట్టింగు ఒకటి అందులో ఉండేది. ఒక లైబ్రరీ ఇలాంటిదానికి సెట్టింగు పెట్టిందంటే, వాడేవాళ్లు అప్పటికే రెండు జట్లయ్యారన్నమాట.

మొదటినుంచీ నడపాలనేవాళ్లు

వీళ్ల వాదన సూటిగా ఉంటుంది. ప్రొడక్షన్ డేటాబేస్ మైగ్రేషన్లతోనే తయారైంది, టెస్ట్ డేటాబేస్ కూడా అలాగే తయారవ్వాలి. టెస్టులు పాసయ్యాయంటే మైగ్రేషన్లు నడిచాయనీ అర్థం, రెండు పనులు ఒక్క దెబ్బకు అవుతాయి. జాంగో డిఫాల్ట్‌గా చేసేది ఇదే: ముందు 'టెస్ట్_' అని చేర్చిన పేరుతో కొత్త డేటాబేస్ తెరిచి, మైగ్రేషన్లన్నీ నడిపి, టెస్టులయ్యాక చెరిపేస్తుంది. ఫ్లైవే వాడే జావా బృందాల్లోనూ ఇదే అలవాటు. 2015లో మొదలైన టెస్ట్‌కంటెయినర్స్ పుణ్యమా అని, టెస్టుకోసం అసలు సిసలు పోస్ట్‌గ్రెస్‌నే డాకర్‌లో లేపి మైగ్రేషన్లు నడపడం సులువైంది.

ఈ పద్ధతికి ఒక నిజమైన బలం ఉంది. మోడళ్లకు తెలియని సంగతులు మైగ్రేషన్లకు తెలుసు. ట్రిగ్గర్లు, వ్యూలు, ఎక్స్‌టెన్షన్లు, చేత్తో రాసిన ఎస్‌క్యూఎల్ అన్నీ అక్కడే ఉంటాయి.

బలహీనత కాలంతో పాటు పెరుగుతుంది. మొదటిది నిదానం. రెండోది పాత కోడ్ కుళ్లడం. మన యాప్‌లో 2019లో రాసిన ఒక మైగ్రేషన్ అప్పటి 'ఆర్డర్' మోడల్‌ను నేరుగా పిలిచి డేటా మార్చిందనుకుందాం. 2023లో ఆ మోడల్‌కు కొత్త కాలమ్ వచ్చింది. ఇప్పుడు మొదటినుంచీ నడిపితే, 2019 ఫైలు దగ్గర నేటి మోడల్ ఇంకా పుట్టని కాలమ్‌ను వెతుక్కుని కూలుతుంది. అందుకే జాంగో మైగ్రేషన్‌లో అసలు మోడల్‌కు బదులు ఆనాటి రూపాన్ని తెచ్చుకోమంటుంది, రైల్స్ ప్రోగ్రామర్లు మైగ్రేషన్ ఫైలులోపలే ఓ బొమ్మ మోడల్ రాసుకుంటారు. ఈ జాగ్రత్త తెలియనివాళ్లు రాసిన పాత ఫైళ్లు మాత్రం ప్రతి పెద్ద ప్రాజెక్టులోనూ కాచుకుని కూర్చుంటాయి.

ఫొటోను నమ్మేవాళ్లు

రైల్స్ ఎంచుకున్న దారి వేరు. మైగ్రేషన్ నడిచిన ప్రతిసారీ డేటాబేస్ ప్రస్తుత రూపాన్ని అది స్కీమా.ఆర్‌బీ అనే ఫైలులోకి ఫొటోలా దింపుతుంది. టెస్ట్ డేటాబేస్‌ను ఆ ఫైలునుంచే కడుతుంది, పాత మైగ్రేషన్ల జోలికి పోదు. కొత్త డేటాబేస్‌కు మొదటినుంచీ నడపడం కన్నా ఇదే వేగం, తప్పులు కూడా తక్కువ అన్న సలహా ఆ ఫైలు నెత్తినే రాసి ఉంటుంది. ట్రిగ్గర్ల వంటివి రూబీలో చెప్పలేని చోట డేటాబేస్ సొంత భాషలోనే స్ట్రక్చర్.ఎస్‌క్యూఎల్‌గా దింపుకోవచ్చు. 2014లో వచ్చిన రైల్స్ 4.1, టెస్టుల ముందు ఈ ఫొటో పాతబడిందేమో చూసుకుని తనే సరిచేసుకోవడం నేర్చుకుంది.

మైగ్రేషన్లన్నీ మొదటినుంచీ నడిపే పక్షాన ఉన్న పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారవెల్ కూడా కొంత ఇటే జరిగింది. 2020లో లారవెల్ 8 స్కీమా డంప్ అనే ఆదేశం తెచ్చింది. పాత మైగ్రేషన్లను ఒక ఎస్‌క్యూఎల్ ఫైలుగా కుదించి, దానిమీద కొత్తవాటిని మాత్రమే నడుపుతుంది. జాంగోలో పాత మైగ్రేషన్లను ఒకటిగా నొక్కే స్క్వాష్ ఉంది. కానీ మధ్యలో డేటా మార్చే పైథాన్ కోడ్ ఉంటే, 'దీన్ని వదిలేయొచ్చు' అని మనం గుర్తు పెట్టనంతవరకూ స్క్వాష్ దాన్ని దాటి కుదించలేదు. చెప్పినంత హాయిగా ఉండే పని కాదది.

ఫొటోలో రాని సంగతి ఒకటుంది. అది డేటా. మన యాప్‌లో జిల్లాల జాబితాను ఎవరో ఒక మైగ్రేషన్‌తోనే ఎక్కించారనుకోండి. స్కీమా ఫైలునుంచి కట్టిన టెస్ట్ డేటాబేస్‌లో జిల్లాల టేబుల్ ఉంటుంది, అందులో జిల్లాలు ఉండవు. ఆర్డర్ ఫారం టెస్టు 'జిల్లా దొరకలేదు' అని పడిపోతుంది.

దీన్ని చూపించి మొదటి జట్టు నవ్వుకోనక్కర్లేదు. జాంగోలోనూ మామూలు టెస్టులు ట్రాన్సాక్షన్‌ను వెనక్కి తిప్పుకుంటాయి కాబట్టి మైగ్రేషన్ ఎక్కించిన జిల్లాలు మిగులుతాయి. ట్రాన్సాక్షన్లనే పరీక్షించే రెండో రకం టెస్టులు మాత్రం అయిపోయాక టేబుళ్లన్నీ ఊడ్చేస్తాయి. వాటి తర్వాత జిల్లాలు మాయం. ఊడ్చింది తిరిగి నింపే ఆప్షన్ ఉంది, అడిగితేనే పనిచేస్తుంది, పైగా నిదానం.

మోడలే ప్రమాణం అనేవాళ్లు

మూడో జట్టుకు మైగ్రేషన్లే అక్కర్లేదు. కోడ్‌లోని మోడళ్లు చూసి టేబుళ్లు కట్టేస్తే చాలు. జావాలో హైబర్నేట్ టెస్టు మొదట్లో కట్టి చివర్లో పడగొట్టే మోడ్ ఇస్తుంది. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో 'క్రియేట్ ఆల్', మైక్రోసాఫ్ట్ ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్‌లో 'ఎన్‌ష్యూర్ క్రియేటెడ్' ఉన్నాయి. పైటెస్ట్-జాంగోలో 'నో మైగ్రేషన్స్' అంటే చాలు. జాంగో కూడా 2020లో వచ్చిన 3.1లో టెస్టులకు మైగ్రేషన్లు ఆపే సెట్టింగు పెట్టింది. సౌత్‌లో ఉన్నదే ఇంకో వేషంలో తిరిగొచ్చింది. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీకి మైగ్రేషన్లు రాసే అలెంబిక్ పత్రాలైతే కొత్త డేటాబేస్‌ను మోడళ్లనుంచి కట్టేసి 'ఇది చివరి మైగ్రేషన్ దాకా వచ్చేసింది' అని ముద్ర వేసుకునే దారి చూపుతాయి.

వేగంలో దీన్ని మించింది లేదు. ప్రమాదంలోనూ లేదు. ప్రోగ్రామర్ మోడల్‌లో 'డెలివరీ తేదీ' చేర్చి, మైగ్రేషన్ రాయడం మరిచాడనుకోండి. టెస్ట్ డేటాబేస్‌లో ఆ కాలమ్ ఉంటుంది, టెస్టులన్నీ పచ్చగా ఉంటాయి. ప్రొడక్షన్‌లో కాలమ్ ఉండదు. మొదటి ఆర్డర్‌కే యాప్ కూలుతుంది. దీనికి విరుగుడు ఉంది: మోడళ్లకూ మైగ్రేషన్లకూ తేడా ఉందేమో చూసి చెప్పే చిన్న తనిఖీ. జాంగో మేక్‌మైగ్రేషన్స్‌కు 'చెక్' తగిలించినా, అలెంబిక్ చెక్ నడిపినా, హైబర్నేట్‌ను వాలిడేట్ మోడ్‌లో పెట్టినా ఆ పనే జరుగుతుంది. ఈ తనిఖీ పెట్టుకోకుండా మూడో దారి పట్టడం, నా లెక్కలో, సమర్థించుకోలేని పని.

ఈ దారిలోనే ఇంకో ఉపదారి, టెస్టులకు ఎస్‌క్యూలైట్ వాడటం. ప్రొడక్షన్ పోస్ట్‌గ్రెస్, టెస్టు మెమరీలోని ఎస్‌క్యూలైట్. దీని సంగతి ఆత్రేయపురం చిరునామాతోనే చూడొచ్చు.

ఒక జిల్లా పేరు, నాలుగు ప్రశ్నలు

2022 ఏప్రిల్‌లో పుట్టిన జిల్లా పేరు కోనసీమ. యూనికోడ్ లెక్కలో క, ఓత్వం, న, స, ఈత్వం, మ కలిపి 6 సంకేతాలు. అదే ఏడాది పేరు మారింది. 'డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ' అని పూర్తిగా రాస్తే ఖాళీలూ చుక్కలూ కలిపి 32 సంకేతాలు. జిల్లా పేరు కాలమ్‌కు ఎవరో 30 అని హద్దు పెట్టి ఉంటే ఎస్‌క్యూలైట్ ఆ హద్దును పట్టించుకోదు, 32నీ మింగేస్తుంది. పోస్ట్‌గ్రెస్ ససేమిరా అంటుంది. లెక్కను బైట్లలో తీసుకునే ఒరాకిల్ డిఫాల్ట్ అయితే తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు చొప్పున ఆ పేరు 86 బైట్లవుతుంది. ఏప్రిల్‌లో రాసిన టెస్టులో పేరు కోనసీమే కాబట్టి, పోస్ట్‌గ్రెస్ మీద నడిచినా అప్పటికి ఏమీ తెలియదు.

రెండో ప్రశ్న మండలాల టేబుల్‌ది. దానికి 'కొత్త జిల్లా' కాలమ్ చేర్చి, ఖాళీగా ఉండకూడదు అని షరతు పెట్టి మైగ్రేషన్ రాశారు. టెస్ట్ డేటాబేస్‌లో ఆ క్షణానికి మండలాలు లేవు, మైగ్రేషన్ గాలిలా నడిచిపోతుంది. ప్రొడక్షన్‌లో వందల మండలాలున్నాయి. పోస్ట్‌గ్రెస్ 'ఉన్న వరసల్లో ఖాళీలున్నాయి' అని ఆపేస్తుంది. మైఎస్‌క్యూఎల్ ఇంకా ఘోరం: డిఫాల్ట్ చెప్పకపోతే తనే సున్నానో ఖాళీ పదమో నింపి కిక్కురుమనకుండా ఊరుకుంటుంది. తప్పు నెల తర్వాత ఏ రిపోర్టులోనో బయటపడుతుంది. పైగా మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ మార్చే ఆదేశం అంతకుముందున్న ట్రాన్సాక్షన్‌ను కమిట్ చేసేస్తుంది. మైగ్రేషన్ సగంలో ఆగితే సగమే మారిన డేటాబేస్ మిగులుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో చాలా మార్పులు ట్రాన్సాక్షన్‌లోనే జరుగుతాయి, వెనక్కి వస్తాయి.

మూడోది ఆర్డర్లలోని చిరునామాలు. మనుషులు టైపు చేసినవి. ఆత్రేయపురం ఒకచోట, మధ్యలో ఖాళీతో ఆత్రేయ పురం ఇంకోచోట, ఇంగ్లిషులో హెచ్ పెట్టి కొన్ని, పెట్టకుండా కొన్ని. 'మండలం పేరు ఇదైతే జిల్లా అది' అని రాసిన మైగ్రేషన్ వీటిలో ఎన్నింటిని పట్టుకుంటుంది? ఖాళీ టేబుల్ మీద సున్నా వరసలను మార్చి, విజయవంతంగా ముగిసింది అంటుంది.

నాలుగోది అసలు టెస్టు చెప్పగలిగేదే కాదు. 2021లో తూర్పు గోదావరి అని ముద్రించిన బిల్లు ఇప్పుడు మళ్లీ తీస్తే ఏ జిల్లా చూపాలి? అది యజమాని తేల్చాలి.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చర్చ ఎక్కడ చిక్కుపడిందో కనిపిస్తుంది. 'నేటి కోడ్ నేటి స్కీమా మీద సరిగా నడుస్తోందా' అన్నది ఒక ప్రశ్న. 'నిన్నటి డేటాబేస్ నేటి రూపంలోకి క్షేమంగా వస్తుందా' అన్నది ఇంకొకటి. టెస్ట్ డేటాబేస్‌ను మైగ్రేషన్లతో కట్టేవాళ్లు మొదటిదానికి జవాబు రాబట్టి రెండోదానికీ వచ్చిందనుకుంటున్నారు. రాలేదు. మైగ్రేషన్‌ను ఖాళీ డేటాబేస్ మీద నడిపితే తేలేది ఫైలులో అక్షరదోషాలు లేవని, వరస తప్పలేదని, అంతే. ప్రొడక్షన్‌లో మైగ్రేషన్లను దెబ్బతీసేవి ఖాళీ గడులు, నకిలీ వరసలు, పెద్ద టేబుల్ మీద పడే తాళాలు. ఖాళీ టేబుల్ మీద తాళం రెప్పపాటు కూడా ఉండదు. పోస్ట్‌గ్రెస్‌లో నడుస్తున్న సైటును ఆపకుండా ఇండెక్స్ కట్టే కంకరెంట్లీ ఆదేశమైతే ట్రాన్సాక్షన్‌లో నడవనే నడవదు, దానికోసం మైగ్రేషన్‌ను విడిగా గుర్తుపెట్టాలి.

ఫొటో పక్షం కనీసం ఈ భ్రమ పెట్టుకోదు. నా మొగ్గు అటే: రోజువారీ టెస్టులకు మైగ్రేషన్లనుంచి తీసిన ఫొటో చాలు. ఆ ఫొటో మోడళ్లనుంచి తీసింది కాకూడదు. మైగ్రేషన్ల పరీక్ష వేరే పనిగా, వరసలున్న టేబుళ్ల మీద, కొత్త మైగ్రేషన్ వచ్చినప్పుడు మాత్రమే జరగాలి.

నిదానం గొడవ, కుండ ఉపాయం

నిజానికి ఈ వాదనల్లో సగం సిద్ధాంతం కోసం కాదు, టెస్టులు మొదలవడానికి నిమిషాలు పడుతున్నాయన్న చిరాకులో పుట్టినవి. ఆ చిరాకుకు మోడళ్ల దారి పట్టకుండానే మందు ఉంది.

పూతరేకు తీసేవాళ్లు ప్రతి రేకుకూ కుండను కొత్తగా కాల్చరు. బోర్లించిన కుండ కింద మంట ఒకసారి అందుకున్నాక, పల్చటి బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డను దానిమీద ఒక్కసారి లాగితే రేకు పొరలా అంటుకుంటుంది, లేపి పక్కన పెడతారు, మళ్లీ లాగుతారు. పోస్ట్‌గ్రెస్‌లో టెంప్లేట్ డేటాబేస్ అలాంటి కుండే. మైగ్రేషన్లన్నీ ఒక డేటాబేస్ మీద ఒకసారి నడిపి, దాన్ని టెంప్లేట్‌గా చూపి ఎన్ని టెస్టు వర్కర్లుంటే అన్ని నకళ్లు తీసుకోవచ్చు. షరతు ఒకటే, నకలు తీసేటప్పుడు ఆ టెంప్లేట్‌కు వేరే కనెక్షన్ ఉండకూడదు. మైగ్రేషన్ ఫైలు మారినప్పుడే కుండ మళ్లీ పెట్టాలి.

జాంగో 1.8లో వచ్చిన 'కీప్‌డీబీ', పైటెస్ట్-జాంగోలోని 'రీయూజ్ డీబీ', లారవెల్ 5.5లోని రిఫ్రెష్ డేటాబేస్ అన్నీ ఇదే ఆలోచనకు తలోరకం రూపాలు. డేటాబేస్ ఒకసారి కట్టి ఉంచడం, ప్రతి టెస్టునూ ట్రాన్సాక్షన్‌లో నడిపి వెనక్కి తిప్పడం. వీటితో వచ్చే చిక్కు కొమ్మలు మార్చేవాళ్లది: ఒక బ్రాంచిలో నడిపిన మైగ్రేషన్ ఇంకో బ్రాంచికి వెళ్లాక కూడా డేటాబేస్‌లో మిగిలిపోతుంది. అనుమానమొస్తే చెరిపి కట్టుకోవాల్సిందే.

ఇంకా తెగనివి

జిల్లాల వంటి జాబితాలు ఎక్కడ ఉండాలన్నది తేలలేదు. మైగ్రేషన్‌లో పెడితే ఫొటోలో రావు. విడిగా సీడ్ ఫైలులో పెడితే ప్రొడక్షన్‌తో పొత్తు తప్పవచ్చు. కోడ్‌లో స్థిరాంకంగా రాస్తే ప్రభుత్వం మార్చినప్పుడల్లా కొత్త రిలీజు చేయాలి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. వాహనాల కోడ్ 2014లో టీఎస్ అయింది, 2024లో టీజీ అయింది. మన రాష్ట్రాల్లో పనిచేసే యాప్‌కు జిల్లాల సంఖ్యను టెస్టులో అంకెగా రాసుకోవడం కొరివితో తల గోక్కోవడమే.

వెనక్కి తిప్పే మైగ్రేషన్లను పరీక్షించాలా అన్నది రెండోది. రాసేవాళ్లు రాస్తారు, నడిపేవాళ్లు అరుదు. కొత్త జిల్లాల కాలమ్ తీసేస్తే ఏప్రిల్ 4 తర్వాత వచ్చిన ఆర్డర్ల జిల్లా ఎటు పోతుంది? టేబుల్ పాత రూపం వెనక్కి వస్తుంది, డేటా రాదు. చాలామంది వెనక్కి పోకుండా ఇంకో ముందడుగు మైగ్రేషన్ రాయడమే మేలంటున్నారు. వాళ్ల మాటే సబబుగా ఉంది.

కావలసిన తుది రూపం చెబితే చాలు, తేడా కనిపెట్టి ఆదేశాలు తనే రాసుకునే 'స్కీమా' (Skeema), అట్లస్ వంటి పనిముట్లు అసలు మైగ్రేషన్ల చరిత్రనే పక్కన పెట్టొచ్చంటాయి. కాలమ్ పేరు మారిందా, ఒకటి పోయి ఇంకొకటి వచ్చిందా అన్నది మాత్రం తుది రూపం చూస్తే తెలియదు. మనిషి చెప్పాలి.

వరసలున్న టేబుళ్ల మీద పరీక్షించాలి సరే, ఆ వరసలు ఎక్కడివి అన్నది అన్నిటికన్నా కష్టమైనది. ప్రొడక్షన్ నకలు తెచ్చుకుంటే అందులో మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు ఉంటాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ప్రోగ్రామర్ ల్యాప్‌టాప్‌లో అలాంటి నకలు పెట్టుకోవడం మునుపటంత తేలిక కాదు. పేర్లు చెరిపి వాడుకోవచ్చు. కానీ చిరునామాలు శుభ్రం చేసే స్క్రిప్టు 'ఆత్రేయ పురం'లోని ఆ మధ్య ఖాళీని కూడా శుభ్రం చేసేస్తే, మైగ్రేషన్‌ను పడగొట్టగలిగిన వరసే పోయింది. కొన్ని బృందాలు పాతిక ముప్పై పెడసరి వరసలను చేత్తో రాసుకుని దాచుకుంటాయి: జిల్లా లేని ఆర్డరు, రెండుసార్లు ఎక్కిన మండలం, చివర్లో ఖాళీ ఉన్న పేరు, 32 సంకేతాల జిల్లా. ప్రొడక్షన్‌లో ఏదైనా తిరగబడిన ప్రతిసారీ ఆ జాబితాకు ఇంకో వరస చేరుతుంది. అది ఎవరి బాధ్యత, ఎవరు దాన్ని పాతబడకుండా చూడాలి అన్నదానికి ఏ ఫ్రేమ్‌వర్కూ ఇంకా డిఫాల్ట్ పెట్టలేదు.